ఒక్క చేతి చిమ్టా

మేం ముగ్గురం ఉట్నూరు పక్క ఒకటే గూడెమోళ్లం. చిక్కడపల్లిలో రూం, అశోక్‌నగర్‌లో కోచింగ్, అందరికీ కలిపి ఒక్క పాత పల్సర్. పత్తి అమ్మిన పైసలతో కొన్నది. ఇంటి దగ్గర ఎవరికన్న జ్వరమొస్తే రాత్రికి రాత్రే పోయేది దాని మీదనే.

1994లో వచ్చిన డుకాటి 916 ఫొటో చూసి మాకు పిచ్చి లేసింది. దాని వెనక చక్రం ఒక పక్క మొత్తం ఖాళీ. మనదీ అట్ల చేపిద్దామని నారాయణగూడ మెకానిక్ భాయ్ దగ్గరికి పోయినం.

"తమ్మీ, మామూలు చిమ్టాకు రెండు చేతులు, నడుమ ఇరుసు. ఒకటి తీసేస్తే బరువు, మెలిక అంతా రెండోదే మొయ్యాలె. అది లావుగుండాలె. హబ్, చక్రం, డిస్క్ అన్నీ వేరే. చైన్ లైన్ తప్పిందో..." అని చెయ్యితో తెగినట్టు చూపెట్టిండు.

ఖర్చు? మా నాలుగు నెలల మెస్ బిల్లు. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, 2019 సుప్రీంకోర్టు తీర్పు: కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేటట్టు బండిని మార్చొద్దు. సర్కారు కొలువుకు చదివేటోళ్లం మేమే!

అప్పుడు భాయ్ మూలకున్న పాత బజాజ్ చేతక్ చూపెట్టిండు. దాని చక్రం పట్టుకున్నది కూడా ఒక పక్కనే. మా గూడెం బడి సారు బండి అదే. పంచరైతే నట్లు ఇప్పి స్టెప్నీ ఎక్కించేటోడు, చైన్ గొడవే లేదు. ఆ నట్లు దోసిట్ల పట్టుకొని నిలబడ్డది మేమే, ఎన్నడూ సోయి లేదు.

చైన్ సెట్, వెనక టైరు మార్పించుకొని వచ్చినం. డుకాటి ఫొటో మాత్రం ఇంకా గోడ మీదనే ఉంది.