పేరు తడబాటు

బిడ్డలు నలుగురున్న యింట తల్లి యొకరిని బిలువబోయి మఱియొకరి పేరు పలుకుట నిత్యము జరుగు పనియే. పెద్దవాని పేరు సగము పలికి, కాదని రెండవవాని పేరెత్తుకొని, దానినిగూడ నడుమ విడిచి, తుదకు “ఒరే, నువ్వేరా!” యని కేకవేయును. పిల్లలు నవ్వుదురు, తల్లియు నవ్వును. కన్నబిడ్డ పేరు నోటికి రాకపోవుటకు గారణమేమని యాలోచించువా రరుదు. ఆలోచించినవారిలో గొందఱు ప్రేమ చాలదని యనుమానింతురు. కొందఱు మతిమఱపు మొదలైనదని భయపడుదురు. ఈ రెండును గావని మా యభిప్రాయము.

మన ప్రాచీనులు పేరు తడబాటునకు గోత్రస్ఖలనమని పేరిడిరి. గోత్రశబ్దమునకు నామమనియు నర్థము గలదు. నాయకుడు తన ప్రియురాలిని వేఱొక కాంత పేరితో బిలిచి పట్టుబడుట దాని ప్రసిద్ధోదాహరణము. కుమారసంభవమున నాలుగవ సర్గలో రతీదేవి మన్మథునికై విలపించుచు, అట్టి తప్పునకు మొలనూలితో గట్టుటను దలచుకొనును. విక్రమోర్వశీయమున నూర్వశి లక్ష్మీపాత్ర ధరించి, పురుషోత్తముడనవలసినచోట పురూరవుని పేరు పలికి భరతముని శాపమునకు గుఱియైనది. నోరు జాఱిన పేరు మనసులోని రహస్యమును బయట బెట్టునని వీని తాత్పర్యము. వియన్నా నగరపు వైద్యుడు ఫ్రాయిడు 1901 లో బ్రకటించిన రచనలో నించుమించుగా నీ త్రోవనే పట్టెను. కాని తల్లి తడబాటున రహస్యమేమున్నది? పెద్దవానిమీది ప్రేమ చిన్నవానికి దెలియకుండ దాచుకొనవలసినది గాదు గదా!

అమెరికా దేశమున డ్యూక్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 1,700 మందికి బైగా విచారించి, 2016 లో దీనిని గూర్చి యొక వ్యాసము ప్రకటించిరి. వారు కనుగొన్న దేమనగా: పేర్లు తోచినట్లు తాఱుమాఱు గావు. బిడ్డ పేరునకు బదులు బిడ్డ పేరే, మిత్రుని పేరునకు బదులు మిత్రుని పేరే వచ్చును. ధ్వనిలో బోలిక యున్న నీ తడబాటునకు గొంత తోడ్పడును. ముఖములు పోలియుండుటవలన గలుగునది స్వల్పము. యువకులును దీనికి లోనగుదురు గావున నిది వార్ధక్యలక్షణము గాదు. తెలిసిన వీథిలో దారితప్పుట, ఇప్పుడే యన్నమాట మఱల మఱల మఱచుట వైద్యునికి జూపవలసినవి. ఇది యట్టిది గాదు. మనస్సు మనవారి నందఱ నొక్కచో బెట్టుకొనును. ఒక పేరు కొఱకు జేయి చాచినపుడు, తీగ లాగిన డొంక యంతయు గదలినట్లు, తక్కినవియు గదలును. వెంకటరావు, వెంకటరమణ, వెంకటేశ్వర్లు అని యొక్క యింటనే పేర్లు పెట్టుకొన్న మనకు నాలుక యింకను సులభముగా జాఱుటలో వింత యేమున్నది?

ఆ పరిశోధనలో మఱియొక విశేషము గలదు. పెంపుడు కుక్క పేరుగూడ బిడ్డల పేర్లలో గలియును గాని పిల్లి పేరు కలియుట బహు తక్కువ. అనగా నెవరిని మనవారిగా నెంచుకొంటిమో వారి పేర్లే యీ వరుసలో జేరునన్నమాట.

మా తలిదండ్రులకు నలుగురు మగబిడ్డలు, ఒక యాడబిడ్డ. అందు మేము మూడవవారము. మా తల్లి పెద్దన్న పేరు, చిన్నన్న పేరు పలికిగాని మా పేరు నందుకొనెడిది కాదు. ఒక్కొకప్పుడు గౌరి యను పెయ్యదూడ పేరు మా చెల్లెలికి దక్కెడిది. చిన్నన్న పండ్రెండవయేట జ్వరమున బోయెను. ఆ పిమ్మట గొన్ని నెలలు ఇంట నెవరును వాని పేరెత్తలేదు. ఒకనాటి సాయంకాలము మా తల్లి పెరటినుండి మమ్ము బిలుచుచు, అలవాటు చొప్పున బెద్దన్న పేరు తరువాత వాని పేరు పలికెను. పలికి యాగెను. వసారాలో వార్తాపత్రిక చూచుచున్న మా తండ్రి తల యెత్తలేదు. “వస్తున్నానమ్మా” యని మేము పోయితిమి. ఆమె మాచేత బావినుండి రెండు బిందెలు నీరు తోడించెను, వేఱేమియు ననలేదు. నేడామెకు డెబ్బదియేండ్లు దాటినవి. మమ్ము బిలుచునపుడు నేటికి నా పేరు వచ్చుచునే యున్నది. ఆ పేరు పలుకుట కామెకు మిగిలిన చోటు అది యొక్కటే. దానికి మేమే పలుకుచున్నాము.

మా తమ్ముని భార్య కాపురమునకు వచ్చిన క్రొత్తలో మా తల్లి యామె పేరు నొక్కమాఱును దప్పక, జాగ్రత్తగా బలికెడిది. మూడవయేట సంక్రాంతికి నరిసెల పాకము చూచుచు, తొందరలో మా చెల్లెలి పేరుతో నామెను గేకవేసెను. ఆ పిల్ల తప్పు దిద్దలేదు. “ఇదిగో, అత్తయ్యా” యని పరుగెత్తెను. ఆ రాత్రి మా భార్యతో “ఈ యింట్లో నా పేరు ఇవాళ్టికి పోయింది, అక్కా” యని నవ్వుచు జెప్పినదట. మెట్టినింట నాడుది యెన్నడు బిడ్డయగునో తెలుపు శాస్త్రము మన స్మృతులలో లేదు. ఆ గరిటె చేతనున్నప్పటి తడబాటు తెలిపినది.

ఇక మన యిండ్లలో నీ వరుస యెక్కడ తెగునో చూడుడు. ఇరువదియేండ్లుగా మన యంట్లు తోమి, మన బిడ్డలకు నీళ్లుపోసిన మనిషి పేరు, ఏ గృహిణి నోటనైన, పొరపాటుననైన, తన చెల్లెలి పేరునకు బదులుగా వచ్చెనా? పెక్కిండ్లలో నామెకు పేరే లేదు. “పనిమనిషి ఇవాళ రాలేదు” అందుము. కుక్కకు సైతము దొరకిన చోటు, మన పసిబిడ్డల నెత్తుకొన్న యామెకు దొరకకపోవుట చదువుకొన్నవారు సిగ్గుపడవలసిన విషయము.

తడబడుడని యెవరికి నుపదేశింపలేము. అది కోరి చేయు పని గాదు. కాని యామె పేరేమో తెలిసికొని యా పేరుతో బిలుచుట మన చేతిలోని పని. ఆమె కూతురు బడికి బోవుచున్నదో లేదో యడుగుట, జ్వరము వచ్చిననాడు జీతము కోయకుండుట మన చేతిలోని పనులు. ఇవి కొన్నియేండ్లు చేసిన పిమ్మట, పండుగనాటి తొందరలో, ఏదో యొక గృహిణి నోట నామె పేరును దప్పవచ్చును.