ముఖము కడుగుకొనుటను గూర్చి

ముఖము కడుగుకొనుట వంటి అల్పవిషయమును గూర్చి వార్షిక సంచికలో వ్రాయవచ్చునా యని మేము చాలదినములు సందేహించినాము. దేశసమస్యలను గూర్చియు, భాషాసాహిత్యములను గూర్చియు వ్రాయుటకు మాకన్న సమర్థులు ఈ కళాశాలలో పెక్కుమంది ఉన్నారు. అయినను గడచిన రెండేండ్లలో అక్కచెల్లెండ్రమగు మేమిద్దరము ఏ పాఠ్యగ్రంథముతోను పడనంత కుస్తీ మా ముఖములతో పడినాము. వెనుక బల్లను ఎన్నుకొని, చున్నీ చెంగును గడ్డముపైకి లాగుకొని కూర్చుండు విద్యార్థిని ప్రతి తరగతిలోను ఒకతె ఉండునని మాకు తెలియును. మొన్నటి వరకు ఆ బల్ల మాదే. విద్యార్థి సోదరులలోను ఇట్టివారు లేకపోలేదు. వారు గడ్డము పెంచి దాచుకొందురు.

మాది చౌటుప్పల్ మండలములోని కొయ్యలగూడెము. 2016లో యాదాద్రి భువనగిరి జిల్లా ఏర్పడక పూర్వము నల్లగొండ జిల్లాలోనిది. నాయన మగ్గము నేయును. అమ్మ చిటికి కట్టును. హైదరాబాదు – విజయవాడ రహదారిపై బస్సు పట్టుకొని, ఎండలోను దుమ్ములోను ప్రయాణము చేసి ఇల్లు చేరుసరికి మా నొసలు, ముక్కు, గడ్డము నూనె పూసినట్లు జిడ్డు దేరి ఉండును. అదే ముఖములో చెంపలు మాత్రము పొట్టు రాలుచు, ఎండిన చెరువు మట్టివలె ఉండును. దీనిని మిశ్రమ చర్మము అందురట. పైగా మాది సుకుమార చర్మము. రాజకుమార్తెల సౌకుమార్యము కాదు; క్రొత్త సబ్బు తగిలిన చాలును, మండి ఎఱ్ఱబారు సౌకుమార్యము. వీటికి తోడు మొటిమలు. 12 నుండి 24 ఏండ్ల వయస్సులోనివారిలో నూటికి సుమారు 85 మందికి ఎంతో కొంత మొటిమలు వచ్చునని వైద్యులు చెప్పుదురు. ఆ సంగతి ఆనాడు మాకు తెలియదు. లోకములోని మొటిమలన్నియు మా ఇంటికే వచ్చినవనుకొన్నాము.

మొదట ఇంటివైద్యము నడిచినది. నానమ్మ శనగపిండిలో పసుపు కలిపి రుద్దుమన్నది. ఉర్దూ శాఖలో చదువు మా స్నేహితురాలు తన నానీ మాటగా ముల్తానీ మట్టి తెచ్చియిచ్చినది. ప్రక్కింటి పిన్ని నిమ్మచెక్కతో తోముమన్నది. శనగపిండి వలన మాకు పెద్ద కీడు కలుగలేదు గాని, మేము దానిని పీచుతో గిన్నె తోమినట్లు తోమినాము. తప్పు పిండిది కాదు, చేతిది. ముల్తానీ మట్టి నొసటి జిడ్డును బాగుగానే పీల్చినది. చెంపలు మాత్రము బీటలు వారినవి. నిమ్మరసము పూసుకొని ఎండలో బస్సుకొరకు నిలిచిన నాటి మచ్చ మాలో చిన్నదాని చెంపపై నేటికిని ఉన్నది. ఇవి చాలవన్నట్లు, జిడ్డు కనిపించినప్పుడెల్ల సబ్బు. దినమునకు ఏడుమార్లు కడిగిన దినములు కూడ ఉన్నవి.

ఇంతలో మాలో పెద్దదానికి సంబంధములు చూచుట మొదలైనది. మేనత్త వచ్చి అమ్మతో, "పిల్ల సదువుకున్నది, పనిమంతురాలు, అన్నీ ఉన్నయి. మొఖమే గిట్లున్నది. వచ్చేటోళ్ళు ఏం జూస్తరు వదినా, సదువు జూస్తరా?" అన్నది. అమ్మ మారు పలుకలేదు. మరునాడు మేనత్తయే ఒక మందుల దుకాణములో అడిగి చిన్న ట్యూబు తెచ్చినది. చీటీ లేదు, ప్రశ్న లేదు. పదిహేను దినములలో ముఖము తెల్లబడునని దుకాణదారు చెప్పినాడట.

అతడు అబద్ధమాడలేదు. పదిహేను దినములకు మొటిమలు అణగినవి, మచ్చలు మాసినవి, ముఖము అద్దమువలె మెరసినది. అది చూచి చిన్నదియు దొంగతనముగా అదే ట్యూబు పూసుకొన్నది. తరగతిలో ముందు బల్లకు వచ్చినాము. వరుని తరపువారు వచ్చి చూచి, సంతోషించి, పెద్దలతో మరల వత్తుమని చెప్పి పోయినారు. వారు మరల వచ్చుటకు రెండు నెలలు పట్టినది. ఆ నడుమ ట్యూబు అయిపోయి, ఒక పది దినములు పూయలేదు. అంతే. ముఖము నిప్పుకణికవలె ఎఱ్ఱనైనది. మునుపెన్నడు లేనన్ని పొక్కులు గుంపులుగా లేచినవి. చన్నీళ్ళు తగిలినను మంట. వచ్చినవారిలో ఒక పెద్దామె గడపలోనే నిలిచి, "ఆ దినము జూసిన పిల్లేనా?" అని అడిగినది. కోపముతో అడిగిన మాట కాదు. నిజముగానే సందేహించి అడిగినది. ఆ సంబంధము పోయినందుకు మాకు విచారము లేదు. ఆ పిమ్మట పెద్దది ఇల్లు కదలక రెండు పరీక్షలు వ్రాయకపోయినది, అందుకు విచారమున్నది.

చివరకు ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవైద్యురాలిని చూచినాము. వాడిన మందును తెమ్మని ఆమె అడుగగా, చున్నీలో దాచి తెచ్చిన ఖాళీ ట్యూబును బల్లపై పెట్టినాము. అందులో మూడు మందులున్నవి: ఒకటి మొమెటాసోన్ అను స్టెరాయిడ్, ఒకటి చర్మపు రంగును తగ్గించు హైడ్రోక్వినోన్, మూడవది ట్రెటినాయిన్. స్టెరాయిడ్ చర్మములోని సన్నని రక్తనాళములను ముడుచుకొనజేసి, వాపును అణచివేయును. కనుక ముఖము తెల్లగా, నున్నగా కనిపించును. దినములు గడచినకొలది చర్మము పలుచబడును. పూత ఆగిన వెంటనే ఆ నాళములు విప్పుకొని ఎఱుపు, మంట, మొటిమలు ఒక్కుమ్మడిగా పైకి వచ్చును. తాళలేక మరల పూతుము, మరల అణగును. ఇది వ్యసనమువంటిదే. మన దేశమున ఈ రోగులు ఎంతమంది యనగా, మన చర్మవైద్యులు దీనికి 'స్టెరాయిడ్ వలన చెడిన ముఖము' అని ప్రత్యేకముగా ఒక పేరే పెట్టుకొన్నారు. 2018లో కేంద్ర ప్రభుత్వము 14 రకముల స్టెరాయిడ్ పూతమందులను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చినది. అట్టి మందుల పెట్టెపై ఎఱ్ఱని నిలువు గీత ఉండును. మందుల కర్మాగారములున్న ఊరి చెంత పుట్టి పెరిగిన మేము ఆ గీతను ఒక్కనాడైనను గమనింపలేదు. స్టెరాయిడ్ విషము కాదని కూడ ఆమె చెప్పినారు. తగిన రోగమునకు తగినన్ని దినములు వైద్యుని కనుసన్నలలో వాడిన మంచి మందే.

మేము మూరెడు చీటీ ఆశించినాము. ఆమె మూడు పంక్తులు వ్రాసినారు. ఒకటి, నురుగు ఎక్కువ రాని, వాసన లేని ముఖద్రావకముతో ఉదయమొకసారి, రాత్రి ఒకసారి కడుగుట. రెండు, నూనె లేని తేలిక మాయిశ్చరైజరు. మూడు, పగలు ఎస్.పి.ఎఫ్. 30కి తగ్గని సన్‌స్క్రీను, అదియు జెల్ రూపముననే. ఆ చెడ్డ పూతను ఆమె చెప్పిన లెక్క ప్రకారము కొంచెము కొంచెముగా మాన్పించినారు. మొటిమలకు మందు ఏదని అడిగితే, "ముందు చర్మమును మాననీయండి" అన్నారు. ఆరు వారములు ఇంతే. ఏమియు చేయకుండ ఊరకుండుట ఇంత కష్టమని మేమెరుగము.

నీటిని గూర్చి కూడ ఆమె అడిగినారు. మా ప్రాంతపు బోరునీటి కీర్తి తెలియనివారెవరు? ఫ్లోరైడ్ పళ్ళకు, ఎముకలకు చేసిన చేటు లోకవిదితము. మొటిమలకు అది కారణమని మేమనము. కాని బోరునీటి కాఠిన్యము వేరు. అందలి కాల్షియము, మెగ్నీషియము సబ్బుతో కలిసి తెల్లని తెట్టుగా మారి చర్మమునకు అంటుకొనును. అదిగాక, ఆరోగ్యమైన చర్మము కొంచెము ఆమ్లగుణము కలది, పి.హెచ్. సుమారు 5; సబ్బుకు 9, 10 ఉండును. ఏడుమార్లు సబ్బు పెట్టిన మా చెంపలు ఏమైయుండునో ఊహించుకొనవచ్చును. ఇప్పుడు ముఖమునకు కుళాయినీరే పట్టి ఉంచుకొనుచున్నాము. ఇంటింటికి నీరిచ్చు ఆ పథకపు పైలాన్‌ను 2015లో నిలిపినది మా చౌటుప్పల్‌లోనే.

ఈ మాటలు విని నాయన నవ్వినాడు. మా చేరువనే ఉన్న పుట్టపాకలో తేలియా రుమాలు నేయుదురు. నూలును నూనెలోను, ఆముదపు కాయల బూడిదనీటిలోను దినముల తరబడి నానబెట్టి పిసుకుదురు. ఆ నూనె వలననే దానికి ఆ మెత్తదనము, ఆ రంగు. తేలియా యను పేరే ఉర్దూలోని తేల్ నుండి వచ్చినది. "నూనంత గుంజేస్తే నూలేం మిగుల్తది?" అన్నాడు. మొదటి దినముననే నాయనను అడిగియుంటే బాగుండెడిది.

ఉర్దూ శాఖ స్నేహితురాలికి వేరొక సందేహము కలిగి, మాతో వచ్చి అడిగినది. నమాజుకు ముందు ఐదుమార్లు ముఖము కడుగుదుము గదా, అది చర్మమునకు చేటా యని. ఉత్త నీటితో కడిగి, మెత్తని బట్టతో అద్దుకొని, చెంపలకు కొంచెము మాయిశ్చరైజరు పూసుకొన్న చేటేమియు లేదని, ప్రతిసారి సబ్బు మాత్రము వలదని వైద్యురాలు చెప్పినారు.

ఆరు వారముల తరువాత రాత్రిపూటకు అడాపలీన్ 0.1 శాతము వ్రాసినారు. ముఖమంతటికి బఠానీ గింజంత. మొదట దినము విడిచి దినము. కొన్ని వారములు పొట్టు రాలినది. పగలు పొక్కులున్న చోట మాత్రము బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతము, ఏ క్రొత్త మందునైనను ముందు చెవి వెనుక పూసి రెండు దినములు చూచిన పిమ్మటనే. ఆ పెరాక్సైడ్ దిండు గలీబు ఎఱుపును తినివేసి తెల్లని మచ్చలు చేసినది. ఇంట్లో రంగుల పని తెలిసినవారుండుట చేత ఆ గలీబును గూర్చి వారము దినములు చర్చ జరిగినది. మూడు నెలలకు గాని మార్పు తెలియలేదు. తొమ్మిది నెలలకు ఎఱుపు తగ్గినది. తెలుపు మాత్రము రాలేదు. మా రంగు మాకు తిరిగి వచ్చినది. 1975 నుండి మన ఇండ్లలో తిరిగిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో 'ఫెయిర్' అను మాటను విడిచి గ్లో అండ్ లవ్లీ ఐనది. మేనత్త మాత్రము ఇంకను పాతపేరే పలుకును.

పెద్దది మిగిలిన రెండు పరీక్షలును వ్రాసి ఉత్తీర్ణురాలైనది. కళాశాల కమిటీవారికి ఒక విన్నపము: ఏటేట జరుగు ఆరోగ్య శిబిరమునకు కంటివైద్యునితో పాటు చర్మవైద్యుని కూడ పిలువవలెను. ఈ వ్యాసము వ్రాయుచుండగా మొదటి సంవత్సరపు విద్యార్థిని ఒకతె విరామవేళ మా బల్లవద్దకు వచ్చి, చున్నీ చాటున ఒక ట్యూబు తీసి, "అక్కా, ఇది మంచిదేనా?" అని అడిగినది. పెట్టె ఉన్నదా యని అడిగినాము. పారవేసినదట. ట్యూబును వెలుతురులో త్రిప్పి చూచినాము, మొమెటాసోన్. వచ్చే గురువారము ముగ్గురము కలిసి ఆసుపత్రికి పోవుచున్నాము. ఉదయము ఎనిమిది గంటలకే పోవలెను, ఆలస్యమైన ఓ.పి. చీటీలు అయిపోవును.