నలభై రెండో రోజు

కార్తీకం వస్తోందంటే ఆమెకు ప్రాణం లేచొచ్చేది. తాపీమేస్త్రీ అయిన భర్త ఏటా అయ్యప్ప మాల వేసుకునేవాడు. మొదట్లో కాస్త చేతులు వణికినా, నలభై ఒక్క రోజులూ సీసా ముట్టేవాడు కాదు. చన్నీళ్ల స్నానం, ఒంటిపూట భోజనం, పిల్లలతో నెమ్మదిగా నాలుగు మాటలు. మాల తీసిన మర్నాడే మళ్లీ వైన్‌షాపు. ‘మానగలడు. మా మీద ప్రేమ లేకే తాగుతున్నాడు’ అనుకుని కుమిలిపోయేది.

ఆ ఏడు మాత్రం మూడో రోజుకే చేతిలో చెంబు నిలవలేదు. ఒళ్లంతా చెమటలు. రాత్రి గోడ నిండా చీమలున్నాయంటూ దులపడం మొదలుపెట్టాడు. స్వామి ఒంటి మీదికొచ్చాడన్నారు కొందరు. గురుస్వామి మాత్రం ‘ముందు ఒళ్లు, తర్వాత దీక్ష’ అంటూ మాల తీయించి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు.

ఏళ్ల తరబడి రోజూ తాగిన ఒళ్లు మద్యానికి అలవాటు పడిపోతుంది. ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లో ఫిట్స్, మతిభ్రమ రావచ్చు. వైద్యం అందకపోతే ప్రాణమే పోవచ్చు. డాక్టర్లు విటమిన్ బి1 ఇంజెక్షన్లు, వణుకు తగ్గే మందులు ఇచ్చారు.

తేరుకున్నాక సోషల్ వర్కర్ వచ్చింది. ఎందుకు తాగుతావని నిలదీయలేదు. ‘మేస్త్రీ గారూ, తగ్గించుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా? తాగుడు గురించి ఎవరైనా అంటే చిరాకేసిందా? తప్పు చేస్తున్నానని బాధపడ్డారా? పొద్దున్నే ఓ గుక్క పడితేగానీ కుదుటపడని రోజులున్నాయా?’ అమెరికా వైద్యుడు జాన్ యూయింగ్ 1984లో ప్రచురించిన ప్రశ్నలివి. రెండింటికి అవునంటే లోతుగా చూడాల్సిందే. మేస్త్రీ నాలుగింటికీ తలూపాడు.

తర్వాత ఆమెను పక్కకు పిలిచి, కొడతాడా, అప్పులెన్ని అని అడిగింది. ఆమె కొంగుముడి విప్పి ఓ పొట్లం చూపించింది. తెలియకుండా కూరలో కలిపితే తాగుడు మానేస్తాడని ఎవరో అమ్మిన పొడి.

‘వద్దమ్మా. ఇందులో డైసల్ఫిరామ్ లాంటిది ఉంటే, ఆ పైన తాగితే గుండెకే ముప్పు. అది ఆయనకు చెప్పి, డాక్టరు చూస్తుండగా వాడే మందు. జ్వరమని కాంట్రాక్టరుకు అబద్ధాలు చెప్పకండి. వైన్‌షాపు బాకీలు మీరు తీర్చకండి.’

‘మాలలో ఉంటే మానతాడు కదా మేడమ్?’

‘అప్పుడు చుట్టూ పదిమంది స్వాములు, వేళకు తిండి, ఓ నియమం. తీశాక ఒక్కడే. షుగరు లాగే ఇదీ జబ్బమ్మా. నలభై రెండో రోజు తోడెవరన్నదే చూసుకోవాలి.’

మంగళవారం మంగళవారం కౌన్సెలింగ్‌కు రమ్మంది. చీటీ వెనక 14446 అని ఉచిత హెల్ప్‌లైన్ నంబరు రాసిచ్చింది.

సంక్రాంతికి బావమరిది ఇంట్లో ఓసారి జారాడు. ఆమె అరవలేదు, దాచలేదు. ఆ నంబరుకు ఫోన్ చేసింది. మళ్లీ తాగినంత మాత్రాన చికిత్స వృథా కాలేదని, ఆపకుండా తీసుకెళ్లమని చెప్పారు.

మళ్లీ కార్తీకం వచ్చింది. డాక్టరు సరేనన్నాకే మాల వేసుకున్నాడు. మాల తీసిన మర్నాడు మంగళవారం. పొద్దున్నే ఇద్దరూ ఆసుపత్రి బస్సెక్కారు.