ద్వంద్వ సమాసం

ఎల్లారెడ్డి బడిలో చిరకాలం సమాసాలు బోధించి, పదవీ విరమణానంతరం కామారెడ్డి చేరాను. రక్తపోటుకు వైద్యులు టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ అని రెండు మాత్రలు వ్రాశారు. ఒంట్లో బాగానే ఉన్నదని ఒకటి మానేశాను. మొన్న ఎల్లారెడ్డి వెళ్ళినప్పుడు, నర్సుగా పనిచేస్తున్న పూర్వవిద్యార్థిని బీపీ చూసింది: 180/110.

"నొప్పి లేకుంటే జబ్బు లేనట్టేనా సారూ?" అని మందలించింది. తలవంచుకున్నాను.

ఇప్పుడు వైద్యులు ఆ రెండూ కలిసిన ఒకే మాత్ర ఇచ్చారు. ఆమ్లోడిపిన్ రక్తనాళాలను సడలిస్తుంది. టెల్మిసార్టాన్ వాటిని బిగించే యాంజియోటెన్సిన్‌ను అడ్డుకుంటుంది. ఉభయపదార్థ ప్రధానమైన ద్వంద్వమే! ఇటువంటి జంటలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది.

ఒక పదం తీసేస్తే ద్వంద్వం నిలువదని పిల్లలకు చెప్పినవాణ్ణి, నాకు నేను చెప్పుకోలేకపోయాను. మిత్రులారా, వైద్యుణ్ణి అడగకుండా మాత్రాలోపం చేయకండి.