నీడ వెంట, నీటి వెంట

చైత్రం వచ్చి వారం దాటింది. మా అక్క కూతురికి ఇంటర్ పరీక్షలు ముగిశాయి. "పిన్నీ, నన్ను హైదరాబాదు తీసుకెళ్తానన్నావు కదా" అని పట్టుకుంది. అక్క ఒప్పుకోలేదు. "ఎండలు ముదురుతుంటే ఊళ్ళు తిరగడమేంటే? కార్తీకంలో వెళ్ళండి" అంది. అక్క మాటలో తప్పేమీ లేదు. కానీ ఈ నగరాన్ని వేసవి మొదట్లోనే చూడాలని నాకు చాలా కాలంగా ఉంది. అంతా రాతిగుట్టల నేల. ఏడాది పొడుగునా నిండుగా పారే ఏరు లేదు. అలాంటి చోట నాలుగు వందల ఏళ్ళకు పైగా ఇంత పెద్ద ఊరు ఎలా నిలిచింది? చలికాలంలో వెళ్తే ఈ ప్రశ్న తట్టదు. గొంతు ఎండినప్పుడే తడుతుంది.

తెనాలిలో రాత్రి రైలెక్కి తెల్లవారేసరికి సికింద్రాబాదులో దిగాం. ఉండేది రెండు రోజులు. అమ్మాయికి ముందే చెప్పాను: పొద్దున ఆరుబయట, మధ్యాహ్నం మందపాటి గోడల మధ్య, ఎండ వాలాక బజార్లలో. ఎండ అటు జరిగితే మనం నీడను పట్టుకుని ఇటు జరగాలి.

మొదట గోల్కొండ. తలుపులు తీసే వేళకే ఫతే దర్వాజా దగ్గరున్నాం. కమాను కింద నిలబడి చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినిపిస్తుందన్నది అందరూ చెప్పేదే. అమ్మాయి నన్ను కిందే ఉంచి పైకి పరుగెత్తింది. కాసేపటికి ఫోన్: "వినపడింది పిన్నీ, మళ్ళీ కొట్టు!" ఆ సంబరం తీరాక నేనూ మెట్లెక్కడం మొదలుపెట్టాను. నాకు కావలసింది చప్పుడు కాదు, నీళ్ళు పైకెక్కిన దారి.

ఆ దారి ఇప్పటికీ కనిపిస్తుంది. కొండ అడుగు నుంచి పైకి అంచెలంచెలుగా తొట్టెలున్నాయి. కింది తొట్టెలోంచి తోడుడు చక్రాలతో పై తొట్టెకు, అక్కణ్ణుంచి ఇంకా పైకి నీళ్ళు చేదేవారు. కొన్ని గోడల్లో కాల్చిన మట్టి గొట్టాలు బయటికి తొంగి చూస్తుంటాయి. అంతఃపురాలకూ తోటలకూ ఫౌంటెన్లకూ నీళ్ళు పారింది వాటిలోంచే. నాలుగు అంతస్తుల అపార్టుమెంటు పైకి నీళ్ళెక్కకపోతే మోటారు బాగుచేసేవాడి కోసం ఫోన్లు చేసే కాలం మనది. వీళ్ళు మనుషుల బలంతో, ఎద్దుల బలంతో ఒక కొండనే తడిపారు. 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు ముట్టడి వేసినా కోట అంతకాలం తట్టుకుందంటే, అందులో ఫిరంగుల పాలు ఎంతో నీళ్ళ పాలు కూడా అంతే ఉండాలి అనిపించింది.

రామదాసును ఉంచిన గదిలో కాసేపు కూర్చున్నాం. పైనుంచి పడే వెలుగు తప్ప ఏమీ లేని ఆ రాతి గదిలో, గోడ మీద ఆయన చెక్కాడని చెప్పే సీతారాముల బొమ్మల ముందు ఎవరో కుంకుమ పెట్టి వెళ్ళారు. బయట ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. లోపల గోడకు చెయ్యి ఆనిస్తే చల్లగా ఉంది.

కోటకు దగ్గర్లోనే కుతుబ్‌షాహీల సమాధులున్నాయి. ఆ తోటకు ఇబ్రహీం బాగ్ అని పేరు. 1550 నుంచి 1580 వరకు ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. అచ్చతెలుగులో మొదటి కావ్యం అనిపించుకున్న పొన్నగంటి తెలగనార్యుడి యయాతి చరిత్రను అందుకున్నవాడు ఆయన కొలువులోని అమీన్‌ఖాన్. ఇంటర్ తెలుగు పుస్తకం ఇంకా బుర్రలో ఉన్న పిల్ల కదా, ఆ సమాధి ముందు ఆగి, "మన తెలుగు విన్న రాజు ఇక్కడున్నాడా!" అంది. పెద్ద గుమ్మటం నీడలో ఇద్దరం నిలబడ్డాం. పక్కనున్న తోటమాలి పైపు పట్టుకుని వేపచెట్లకు నీళ్ళు పెడుతున్నాడు. రాలిన వేపపూత తడికి అంటుకుని నేలంతా తెల్లగా ఉంది.

ఇక్కడ నేను ప్రత్యేకంగా చూడాలనుకున్నది బడీ బావ్లీ, అంటే పెద్ద దిగుడుబావి. 2013 వానల్లో దీని గోడ ఒకవైపు కూలిపోయింది. ఆ ఏడాదే ఈ ఆవరణ బాగుచేత పని మొదలుపెట్టిన ఆగాఖాన్ సాంస్కృతిక సంస్థ బావిని పూడిక తీయించి, పాత పద్ధతిలో రాయీ డంగుసున్నంతో మళ్ళీ కట్టించింది. గోల్కొండ దిగుడుబావుల బాగుచేతకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. కానీ బావి గట్టున నిలబడ్డవాళ్ళకు పురస్కారం గుర్తురాదు. మెట్ల మీదినుంచి వచ్చే చల్లదనం ముఖానికి తగులుతుంది, అంతే చాలు. వానాకాలంలో నిండిన నీళ్ళు చైత్రంలోనూ పచ్చగా నిలిచి ఉన్నాయి. ఆవరణలోని తోటకు అవే ఆధారం.

మధ్యాహ్నమంతా బసలో పడుకుని, సాయంత్రం హుస్సేన్‌సాగర్ గట్టుకు వెళ్ళాం. అదీ ఇబ్రహీం కాలంలో, 1562లో కట్టిన చెరువే. నగరానికి ఇంకోవైపు దుర్గం చెరువుంది. గోల్కొండకు నీళ్ళిచ్చిందని చెప్పే ఆ చెరువు మీద ఇప్పుడు తీగల వంతెన మెరుస్తోంది, జనం ఫొటోలు దిగుతున్నారు. వంతెన అందంగానే ఉంది. దాని కిందున్న నీళ్ళు ఒక రాజధాని దాహం తీర్చాయన్న సంగతి కూడా ఒక పలక మీద రాసి పెడితే ఇంకా అందంగా ఉండేది.

రెండో రోజు పొద్దున్నే సికింద్రాబాదులోని బన్సీలాల్‌పేట బావికి నడిచాం. నాగన్నకుంట అని కూడా అంటారు. గల్లీల మధ్య, ఇళ్ళ వెనక, ఒక్కసారిగా నేల తెరుచుకున్నట్టు ఆరు అంచెల రాతి కట్టడం కిందికి దిగిపోయి కనిపిస్తుంది. అడుగున నీళ్ళు. 17వ శతాబ్దపు ఈ బావి ఎన్నో ఏళ్ళు చెత్తకుప్పగా ఉండి, 2022లో మళ్ళీ వెలుగు చూసింది. గట్టు మీద మల్లెమొగ్గలు మాల కడుతున్న ఒక పెద్దావిడ అమ్మాయిని దగ్గర కూర్చోబెట్టుకుంది.

"మేం లగ్గమై వచ్చిననాడు ఈడ బాయి ఉందని గూడ తెల్వదు బిడ్డా. అంత చెత్తనే. తీస్తుంటే తీస్తుంటే మెట్లొచ్చినయి, కమాన్లొచ్చినయి. ఆఖరికి నీళ్ళొచ్చినయి. గా దినం మా గల్లీ అంత ఈడనే ఉన్నది."

"నీళ్ళు వచ్చినప్పుడు మీకేమనిపించిందమ్మా?" అంది పిల్ల.

ఆవిడ దండ పక్కన పెట్టి, "ఏమనిపిస్తది? ఇంట్ల దీపం పెట్టినట్టు అనిపించింది" అంది. ఆ ఒక్క మాట వినడానికైనా ఇంత దూరం రావచ్చు.

ఎండ నడినెత్తికి వచ్చేలోపు సాలార్‌జంగ్ మ్యూజియం చేరుకున్నాం. శుక్రవారం సెలవు, మిగతా రోజుల్లో వేసవి మధ్యాహ్నానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ కూడబెట్టిన వస్తువులతో 1951లో మొదలై, 1968లో మూసీ ఒడ్డునున్న ఈ భవనానికి వచ్చింది. అన్నీ చూడాలని పోతే ఏదీ చూడలేం. మేం మూడే ఎంచుకున్నాం. 1876లో ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన రెబెక్కా ముందు అమ్మాయి చాలాసేపు నిలబడిపోయింది. ముఖం మీద కప్పింది పాలరాయే, అయినా ఊదితే కదులుతుందేమో అనిపించే పలుచని ముసుగు. ఒకే దుంగలో ముందు మెఫిస్టోఫిలిస్, వెనక మార్గరెట్టా ఉన్న కొయ్యబొమ్మను అద్దంలోనూ చూసి, పన్నెండుకు గడియారం దగ్గరికి చేరాం. అప్పటికే జనం కూర్చుని ఎదురుచూస్తున్నారు. గడియారంలోని చిన్న గడ్డపాయన బొమ్మ తలుపు తీసుకుని బయటికొచ్చి పన్నెండుసార్లు గంట కొట్టి లోపలికి వెళ్ళిపోయాడు. పల్లెల నుంచి వచ్చినవాళ్ళూ, చంకలో పిల్లలున్న తల్లులూ, కాలేజీ కుర్రాళ్ళూ ఆ కాసేపు ఒకే వయసు వాళ్ళయ్యారు.

నాలుగు దాటాక చార్మినార్ నీడ పొడవైంది. దాన్ని పట్టుకుని లాడ్‌బజార్‌లోకి వెళ్ళాం. గాజులు కొనే ముందు అవి పుట్టే చోటు చూపించమని ఒక దుకాణాయన్ని అడిగితే వెనక గల్లీలోని చిన్న గదికి పంపాడు. అక్కడ ఒకాయన బొగ్గుల కుంపటి ముందు కూర్చున్నాడు. రంగు కలిపిన లక్కముద్దను వేడి చేసి, మెత్తబడగానే పలక మీద కడ్డీలా సాగదీసి, ముక్క కోసి, కొసలు కలిపి, గుండ్రటి కొయ్య అచ్చుకు ఎక్కించి కొలత సరిచేస్తున్నాడు. చల్లారితే లక్క బిగుసుకుంటుంది, మాట వినదు. అందుకే గదిలో ఉన్న ఫ్యాను గోడవైపు తిప్పి ఉంది. పక్కన ఆయన కూతురు చిన్న చిన్న మెరుపురాళ్ళను ఒక్కొక్కటిగా గాజు మీద అద్దుతోంది. హైదరాబాదు లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

"ఈ వేడిలో ఎట్లా కూర్చుంటారు చాచా?" అంది అమ్మాయి.

"షాదీల సీజన్ గదా బేటీ. గిప్పుడే పని ఎక్కువ" అన్నాడాయన, చేతిలో పని ఆపకుండానే. బయట మేం రెండు రోజులుగా తప్పించుకు తిరుగుతున్న ఎండ ఆయనకు రోజూ ఒడిలోనే ఉంటుంది. దుకాణంలో బేరమాడబోయిన పిల్ల, ఆ గది చూసి వచ్చాక అడిగిన ధర ఇచ్చేసింది.

మూసీ దాటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు దగ్గర ఆగాం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని మింగినప్పుడు, దాదాపు 150 మంది ఈ చెట్టెక్కి బతికారు. అప్పటిదాకా అమ్మాయికి నీళ్ళ కరువే చూపించాను. ఇక్కడ నీళ్ళ కోపం చెప్పాను. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి ఆలోచన చెప్పారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరదను ఆపే కట్టలే ఊరికి తాగునీరు ఇచ్చాయి. ఈ నేల మీద ఎక్కువైన నీళ్ళనూ తక్కువైన నీళ్ళనూ కలిపి ఆలోచించినవాళ్ళే ఊరిని నిలబెట్టారు.

1935లో గ్రానైటు రాతితో కట్టిన మొజంజాహీ మార్కెట్‌లో మామిడిపండు ఐస్‌క్రీమ్ తిన్నాం. ఐసూ ఉప్పూ నింపిన కొయ్య పీపాలో చేత్తో తిప్పి తీసే ఐస్‌క్రీమ్ ఇక్కడి పాత అలవాటు. మీగడ కన్నా పండే ముందు నాలుకకు తెలుస్తుంది.

రాత్రి రైలుకు ఇంకా గంట ఉంది. స్టేషన్‌కు వెళ్ళే దారిలో ఒక చలివేంద్రం. వెదురు పందిరి, పైన తాటాకు, లోపల ఇసుక మీద మూడు పెద్ద కుండలు, వాటికి చుట్టిన తడి గోనెలు. ఒక ముసలాయన గ్లాసు కడిగి ముంచి ఇచ్చాడు. అమ్మాయి రెండు గ్లాసులు తాగి, "ఈ కుండను ఏమంటారు తాతా?" అని అడిగింది.

"రంజన్ అంటరు బిడ్డా."

"డబ్బులు?"

"నీళ్ళకు పైసలెక్కడివి?" అన్నాడాయన.

రెండు రోజులుగా నేను కొండ ఎక్కించి, బావులు దింపి చెప్పాలనుకున్నది ఆయన ఒక్క గ్లాసుతో చెప్పేశాడు. గోల్కొండ తొట్టెల నుంచి ఈ పందిరి దాకా ఒకటే పని సాగుతోంది: నీళ్ళు లేనిచోటికి నీళ్ళు చేర్చడం. దాన్ని చూడాలంటే ఎండాకాలంలోనే రావాలి.

తెనాలి చేరిన రెండో రోజు అక్క ఫోన్ చేసింది. "పిల్లకు ఏం నేర్పి పంపావే? పొద్దున్నే కుండలమ్మే వాళ్ళ దగ్గరికి వెళ్ళి రంజన్ కావాలంటుందట. మన అరుగు మీద పెడుతుందట, దారిన పోయేవాళ్ళకి. ఇక్కడ రంజనంటే ఎవరికి తెలుసు?"

"బాన అని అడగమను, ఇస్తారు" అన్నాను.