మంచి సమరయుడికి తొందరుంటే

అమెరికాలో మన తెలుగు ఇళ్ళల్లో పిల్లల కాలేజీ మాట వస్తే, కంప్యూటర్ సైన్సు ఎందుకని ఎవరూ అడగరు. బిహేవియరల్ సైన్స్ అంటే మాత్రం సంజాయిషీ చెప్పుకోవాలి. అదీ క్రైస్తవ విశ్వవిద్యాలయంలో అంటే రెండు అనుమానాలు ఒకేసారి లేస్తాయి. అక్కడ చెప్పేది అసలు సైన్సేనా అన్నది మొదటిది. మనస్తత్వశాస్త్రం, సమాజశాస్త్రం, మానవశాస్త్రం తలా కాస్త కలిపిన చదువుకు లోతెక్కడ అన్నది రెండోది. మతం మార్చేస్తారేమోనన్న భయం కూడా ఎక్కడో ఉంటుంది, పైకి అనకపోయినా. ఇవన్నీ ఉత్త అపోహలని నేననను. కానీ మనిషి గురించి తన నమ్మకమేమిటో బయటికే చెప్పుకునే చోటు మనిషి ప్రవర్తనను చదవడానికి పనికిరానిది కాదనీ, కొన్ని విషయాల్లో అదే ఎక్కువ అనువైనదనీ నా వాదన.

ఏ నమ్మకమూ లేకుండా మనిషిని చదివే చోటు ఎక్కడుంది? 1913లో అమెరికన్ మనస్తత్వవేత్త జాన్ వాట్సన్ ప్రవర్తనావాదాన్ని ప్రకటిస్తూ చైతన్యమన్న మాటనే శాస్త్రం గుమ్మం బయట నిలబెట్టాడు. (ఆయన చదువుకున్నది బాప్టిస్టుల ఫర్మన్ విశ్వవిద్యాలయంలో కావడం ఒక చమత్కారం.) అర్థశాస్త్రం చాలాకాలం మనిషిని తన లాభం తాను లెక్కగట్టుకునే ప్రాణిగానే చూసింది. ఆ చిత్రాన్ని కదిలించినందుకే మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్‌కు 2002లో అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది. చైతన్యాన్ని బయట నిలబెట్టడం గానీ, లాభం లెక్కగట్టే మనిషి గానీ ప్రయోగంలో తేలిన సంగతులు కావు, ప్రయోగం మొదలయ్యే ముందే గదిలో ఉన్న ఊహలు. క్రైస్తవ క్యాంపస్‌లో ఆ ఊహ గోడ మీదే రాసి ఉంటుంది కాబట్టి విద్యార్థి దానితో నేరుగా తలపడవచ్చు.

అలా తలపడితే ఏమవుతుందో 1973లో జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ ప్రచురించిన పరిశోధన చూపిస్తుంది. ప్రిన్స్‌టన్ థియలాజికల్ సెమినరీలో పాదిరీలు కాబోయే 40 మందిని, ఒక భవనంలోంచి మరో భవనానికి వెళ్ళి చిన్న ప్రసంగం చేయమన్నారు. కొందరికిచ్చిన అంశం లూకా సువార్తలోని మంచి సమరయుడి కథ: దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాణ్ణి యాజకుడు చూసీ దాటిపోతే, సమరయుడు ఆగి ఆదుకుంటాడు. మిగిలినవాళ్ళకు సెమినరీ చదివినవారి ఉద్యోగావకాశాలు. కొందరికి సమయం మించిపోయిందని చెప్పారు, కొందరికి తీరిక ఉందన్నారు. దారిలో ఒక మనిషి గుమ్మం దగ్గర కూలబడి దగ్గుతూ మూలుగుతుంటాడు. తీరిక ఉన్నవాళ్ళలో 63 శాతం ఆగి సాయపడ్డారు, బాగా తొందరలో ఉన్నవాళ్ళలో 10 శాతమే. సమరయుడి మీద మాట్లాడబోతున్నారా, ఉద్యోగాల మీదా అన్నది చెప్పుకోదగ్గ తేడా తేలేదు. బాట్సన్ ఆ సెమినరీలోనే వేదాంతం చదివినవాడు, బయటినుంచి వెక్కిరించడానికి వచ్చినవాడు కాడు. ఈ ఫలితాన్ని ఒక్క శాస్త్రంతో పూర్తిగా అర్థం చేసుకోలేం. తొందర చూపును ఎలా కుదిస్తుందో మనస్తత్వశాస్త్రం చెబుతుంది. ఆ తొందరను ఎవరు పుట్టించారు, మంచివాళ్ళను కూడా గడియారానికి కట్టేసే సంస్థలు ఎలా పనిచేస్తాయి అన్నది సమాజశాస్త్రం అడగాలి. ఎవరిని పొరుగువాడిగా లెక్కిస్తామన్నది మానవశాస్త్రం ప్రశ్న. యూదులకూ సమరయులకూ ఉన్న వైరం తెలియకపోతే, యాజకుడు శవాన్ని ముట్టుకుంటే మైలపడతాడన్న నియమం తెలియకపోతే, కథ సగమే తెలిసినట్టు. ఆ నాలుగో పాఠం, అంటే బైబిలు చదువు, క్రైస్తవ కాలేజీలో పక్క గదిలోనే దొరుకుతుంది. పాపమన్నది మంచివాళ్ళలోనూ ఉంటుందని ప్రతి ఆదివారం వినే విద్యార్థికి, ఆ 10 శాతం విశ్వాసాన్ని కూల్చే వార్త కానక్కర్లేదు.

40 మందితో ఇంత పెద్ద మాట చెప్పొచ్చా అంటే, చెప్పకూడదు. 2015లో బ్రయాన్ నోసెక్ బృందం మనస్తత్వశాస్త్రంలో 100 అధ్యయనాలను మళ్ళీ చేసి చూస్తే, గణాంకపరంగా నిలిచినవి 36 శాతం. లోతు లేదన్న ఆక్షేపణకు నేను భయపడేది ఇక్కడే. మూడు శాస్త్రాల పరిచయ పాఠాలు చదివించి, గణాంకశాస్త్రం, పరిశోధన పద్ధతులు పైపైన దాటించే కోర్సు నిజంగానే బోలు చదువు. అయితే అది కలగలుపు చదువులన్నిటికీ ఉన్న జబ్బు, మతానికి సంబంధించింది కాదు. కోర్సులో ఈ రెండూ గట్టిగా ఉంటే వెడల్పు లోతుకు అడ్డం రాదు.

మతం నుంచి ఈ శాస్త్రానికి ఏమైనా ఒరిగిందా అంటే మన తెలంగాణ నుంచే సాక్ష్యం ఉంది. పాల్ హీబర్ట్ 1932లో శంషాబాద్‌లో మెనొనైట్ మిషనరీల ఇంట పుట్టాడు. మానవశాస్త్రవేత్త అయ్యి కొండూరు గ్రామంలో కులాలూ బంధాలూ ఎలా అల్లుకున్నాయో పరిశీలించి రాసిన పుస్తకాన్ని 1971లో మినసోటా విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించింది. తర్వాత కాలిఫోర్నియాలోని ఫుల్లర్ సెమినరీలో పాఠాలు చెప్పాడు. 1982లో ఆయన రాసిన ఒక వ్యాసం మిషనరీలకే అద్దం పట్టింది. పాశ్చాత్యుల బుర్రలో పైన దేవుడు, కింద సైన్సు తెలిసిన ప్రకృతి ఉంటాయి. మధ్య అంతస్తు ఖాళీ. మన ఊళ్ళల్లో ఆ అంతస్తే కిటకిటలాడుతుంది: గ్రామదేవతలు, దయ్యాలు, దిష్టి. బిడ్డకు జబ్బు చేస్తే ఏం చేయాలన్న ప్రశ్న అక్కడిది. దానికి మిషనరీ దగ్గర జవాబు లేదు కాబట్టే ఆదివారం చర్చికి వెళ్ళినవాడు సోమవారం మంత్రగాడి దగ్గరికి వెళ్తాడని ఆయన వివరణ. ఆయన అంతిమ లక్ష్యం మతప్రచారమే కదా అనొచ్చు. అవును, దాన్ని ఆయన దాచలేదు. ఆ లక్ష్యంతో పేచీ ఉన్నవాళ్ళు కూడా ఆ పరిశీలనను కాదనడం కష్టం. తనవాళ్ళు చూడలేని చోటును తనవాళ్ళకు చూపించాడు, ఆ చూపు ఆయనకు పొలంగట్ల మీద చేసిన మానవశాస్త్రం ఇచ్చింది.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం స్వేచ్ఛది. క్రైస్తవ విశ్వవిద్యాలయాలన్నీ ఒక్కటి కావు. జెసూట్ల జార్జ్‌టౌన్‌లో పాఠం చెప్పడానికి విశ్వాస ప్రకటన మీద సంతకం అక్కర్లేదు. ఇలినాయ్‌లోని వీటన్ కాలేజీలో కావాలి. ముస్లింలూ క్రైస్తవులూ ఒకే దేవుణ్ణి ఆరాధిస్తారన్న రాజనీతిశాస్త్ర ఆచార్యురాలిని అక్కడ 2015 డిసెంబరులో సెలవు మీద పంపారు, కొద్ది నెలల్లో ఆమె కాలేజీ వదిలారు. ఇలాంటి చోట లైంగికత, కుటుంబం, మతమార్పిడి మీద పరిశోధన ఫలితం ఎదురు తిరిగితే దాన్ని తరగతిలో ఎంత గట్టిగా చెప్పగలరు? నా వాదన బలహీనపడేది ఇక్కడే. అమెరికా ఆచార్యుల సంఘం 1940 ప్రకటన మతసంస్థలు పెట్టే హద్దుల్ని నియామకం నాడే స్పష్టంగా రాసివ్వాలంది. హద్దు రాసి ఉండటం స్వేచ్ఛ కాదు, కానీ రాయని హద్దు కన్నా మేలు. చేరబోయే విద్యార్థి ఆ కాగితం చదవాలి, విశ్వాసానికి ఇబ్బంది కలిగించే ఫలితాలు పాఠ్యప్రణాళికలో ఉన్నాయో లేదో చూడాలి. లేకపోతే అక్కడ చేరకపోవడమే మంచిది.

ఇక ఉద్యోగం. వీసా మీద వచ్చేవాళ్ళకు ఇది అంకెల సంగతి. అమెరికా ప్రభుత్వ స్టెమ్ జాబితాలో బిహేవియరల్ సైన్సెస్ 30.1701 కోడ్‌తో ఉంది. చదువయ్యాక పని చేసుకోవడానికిచ్చే 12 నెలల ఓపీటీకి మరో 24 నెలలు కలిసేది ఆ జాబితాలో ఉన్న డిగ్రీకే. అదే పాఠాలను కాలేజీ మామూలు సైకాలజీ కోడ్ కింద నమోదు చేస్తే ఆ వెసులుబాటు దక్కకపోవచ్చు. కోర్సు పేరు చూసి సంతోషపడే ముందు వీసాకు కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ఏ కోడ్ వేస్తారో అడ్మిషన్ల వాళ్ళను అడగండి.