చెన్నై దాకా వెళ్తేగానీ కనపడని అమ్మాయిలు

మొన్న ఆదివారం ఓ తెలుగు సినిమా ప్రీ రిలీజ్ ఈవెంట్ ఫోన్‌లో చూస్తున్నాను. నిర్మాత ఒకాయన మైకు అందుకుని, 'మాకేమన్నా పంతమా అండీ? తెలుగమ్మాయిలు రావడం లేదు, వస్తే ఇవ్వమా' అన్నాడు. కింద ఒకటే చప్పట్లు. ఆయన పక్కనే నిలబడిన ముంబై అమ్మాయి ఎవరో నేర్పిన రెండు తెలుగు ముక్కలు శ్రద్ధగా అప్పజెప్పింది. ఆ పిల్ల మీద నాకే కోపమూ లేదు. పని వెతుక్కుంటూ ఊరుగాని ఊరొచ్చిన మనిషి. నేనూ అలా వచ్చినవాణ్ణే. నా కోపమంతా ఆయన అన్న మాట మీద. రావడం లేదని ఎలా అంటాడు?

2012లో మారుతి తీసిన 'బస్ స్టాప్' గుర్తు చేసుకోండి. అందులో ఇద్దరు తెలుగమ్మాయిలున్నారు. ఒకరు హైదరాబాద్ అమ్మాయి శ్రీదివ్య. చిన్నపిల్లగా ఉన్నప్పట్నుంచీ మన సినిమాల్లో కనిపిస్తూనే ఉంది. రెండో అమ్మాయి వరంగల్ నుంచి వచ్చిన ఆనంది. అప్పటికింకా రక్షిత అనే పేరుతోనే ఉంది. సినిమా ఆడింది. ఆడిన సినిమాలో చేసిన ఆ ఇద్దరికీ ఫిల్మ్ నగర్‌లో తర్వాతి మెట్టు మాత్రం దొరకలేదు. మరుసటి ఏడాదే శ్రీదివ్య తమిళంలో శివకార్తికేయన్ పక్కన 'వరుత్తపడాద వాలిబర్ సంగం' చేసింది. ఆ ఒక్క సినిమాతో తమిళనాడంతా ఆమెని సొంతం చేసుకుంది. ఆనంది 2014లో ప్రభు సాల్మన్ 'కయల్', 2018లో మారి సెల్వరాజ్ 'పరియేరుమ్ పెరుమాళ్' చేసింది. ఆ రెండో సినిమాలో కాలేజీ అమ్మాయిగా ఆమె నటించిన తీరు చూసి నేను చాలాసేపు మామూలు మనిషిని కాలేకపోయాను. ఇంత పనితనం ఉన్న పిల్ల మన వాకిట్లోకి వచ్చి నిలబడితే మనకి కనపడలేదు కదా అని.

నేనుండేది జపాన్‌లోని కవాసాకిలో. బయటికెళ్ళే పిల్లల్ని ఇక్కడివాళ్ళు చూసే తీరు వేరు. ఈ ఊళ్ళో సగినుమా అని ఓ పేట ఉంది. ఆ పేట బడిలో చదివి, అక్కడి పిల్లల ఫుట్‌బాల్ క్లబ్బులో బంతి తన్నిన ఇద్దరు కుర్రాళ్ళు కావోరు మితోమా, ఆవో తనాకా. 2022 డిసెంబర్ 1న ఖతార్‌లో ప్రపంచకప్ మ్యాచ్. స్పెయిన్ మీద ఆట. గీత దాటిపోయిందనుకున్న బంతిని మితోమా మిల్లీమీటర్ల తేడాతో వెనక్కి లాగితే, తనాకా దాన్ని గోల్లోకి నెట్టాడు. జపాన్ గెలిచింది. అప్పటికి ఒకడు ఇంగ్లండ్‌లో, ఒకడు జర్మనీలో ఆడుతున్నారు. ఇద్దరూ మా ఊరి క్లబ్బు కవాసాకి ఫ్రోంటాలే నుంచి 2021లో, కొద్ది వారాల తేడాలో బయటి దేశం వెళ్ళినవాళ్ళే.

మితోమా కథ ఇంకా బాగుంటుంది. క్లబ్బు తన అకాడమీలో పెంచి, పద్దెనిమిదేళ్ళకి పెద్ద జట్టులోకి రమ్మంటే, నేనింకా తయారవలేదని చెప్పి సుకుబా యూనివర్సిటీలో చేరాడు. డ్రిబ్లింగ్ మీదే థీసిస్ రాశాడు. క్లబ్బు అలిగి తలుపు వేసుకోలేదు. చదువయ్యాక 2020లో తీసుకుంది. ఏడాదిన్నరకి ఇంగ్లండ్ క్లబ్బు బ్రైటన్ అడిగితే పంపించింది. ఇక్కడ విదేశీ క్లబ్బుకి వెళ్ళే ఆటగాణ్ణి సాగనంపడమే ఒక వేడుక. ఆట అయ్యాక మైదానం మధ్యలో నిలబెడతారు, మాట్లాడిస్తారు, జనం పేరు పెట్టి పాడతారు. నడివయసు మగవాళ్ళు కళ్ళొత్తుకోవడం నా కళ్ళతో చూశాను. మావాడు పోతున్నాడన్న బాధ, పోవాలన్న ఆశ, రెండూ ఒక్క మొహంలోనే కనిపిస్తాయి. తిరిగొచ్చినా అంతే. షింజి కగావా 2010లో సెరెజో ఒసాకా నుంచి జర్మనీలోని డోర్ట్‌ముండ్ వెళ్ళి, అక్కడ రెండుసార్లు లీగ్ గెలిచి, మాంచెస్టర్ యునైటెడ్‌లో ఆడి, దేశాలన్నీ తిరిగి 2023లో మళ్ళీ సెరెజోకే వచ్చాడు.

1998లో జపాన్ మొదటిసారి ప్రపంచకప్ ఆడినప్పుడు జట్టులో 22 మందీ స్వదేశీ లీగ్ ఆటగాళ్ళే. ఖతార్ వెళ్ళిన 26 మందిలో 19 మంది బయటి క్లబ్బుల వాళ్ళు. అయినా అది జపాన్ జట్టే. పంపినవాళ్ళ లెక్కలోంచి ఎవరూ జారిపోలేదు.

అంతా పాలూ తేనే అనడం లేదు. స్టేడియంలో నా పక్క సీటు పెద్దాయన ప్రతి ట్రాన్స్‌ఫర్ సీజన్‌లోనూ గొణుగుతాడు, బంగారంలాంటి పిల్లల్ని యూరప్ వాళ్ళు కారుచౌకగా ఎత్తుకుపోతున్నారని. ఆయన బాధలో న్యాయముంది. కగావాని డోర్ట్‌ముండ్ పట్టుకుపోయింది సుమారు 3.5 లక్షల యూరోలకి. ఫ్రోంటాలే 2017 నుంచి ఐదేళ్ళలో నాలుగుసార్లు లీగ్ గెలిచిన జట్టు. వరసగా మంచివాళ్ళందరూ వెళ్ళిపోయాక ఆ ఊపు మళ్ళీ రాలేదు. అయినా ఆ పెద్దాయన తిట్టేది బేరాన్నే. కుర్రాణ్ణి ఒక్క మాట అనడు. వాడు గోల్ కొడితే అర్ధరాత్రి లేచి చూస్తాడు.

మనం మన వాళ్ళని ఎప్పుడు చూశాం? రాజోలు అమ్మాయి అంజలి 2006లోనే తెలుగులో 'ఫోటో' చేసింది. తర్వాత తమిళంలో 'కట్రదు తమిళ్', 'అంగాడి తెరు'. ఆ అమ్మాయిని మనం మళ్ళీ గుర్తుపట్టింది 2011లో 'జర్నీ'తో. అది తమిళ సినిమాకి డబ్బింగ్. గోదావరి జిల్లా పిల్ల అరవం మీదుగా డబ్బింగ్ బొమ్మలో తెలుగువాళ్ళ ముందుకి రావలసివచ్చింది. ఆ తర్వాతే 2013 సంక్రాంతికి 'సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు'లో సీత వేషం. ఐశ్వర్యా రాజేశ్ వాళ్ళ నాన్న 'రెండు జెళ్ళ సీత'లో నలుగురు కుర్రాళ్ళలో ఒకరైన రాజేశ్. తాత అమర్‌నాథ్. మేనత్త శ్రీలక్ష్మి, మనల్ని అంత నవ్వించిన శ్రీలక్ష్మి. ఇన్ని తరాల తెలుగు తెర మనిషి, తమిళంలో 'కాకా ముట్టై'లో ఇద్దరు పిల్లల తల్లిగా చేసి శభాష్ అనిపించుకున్నాక, 2019లోగానీ తెలుగులో కథానాయిక కాలేదు. 2025 సంక్రాంతికి వెంకటేశ్ పక్కన భాగ్యంగా వచ్చి థియేటర్లు ఊపేస్తే, ఇన్నాళ్ళూ ఎక్కడుందీ పిల్ల అని అందరూ అడిగారు. ఎక్కడుందో చెప్పనా? మనం చూడని చోటల్లా ఉంది. తెనాలిలో పుట్టిన శోభిత ధూళిపాళ్ళ కూడా ముందు ముంబైలో, 2016లో అనురాగ్ కశ్యప్ సినిమాలో నటించాకే మన 'గూఢచారి'కి పనికొచ్చింది. 2023లో 'బేబీ'తో వైష్ణవీ చైతన్య ఇక్కణ్ణుంచే పైకొచ్చింది, సంతోషం. కానీ ఆ ఒక్క పేరునీ ఇన్నేళ్ళ లెక్కకి బదులు చూపిస్తే నేనొప్పుకోను.

భాష తెలిసిన పిల్లలు కదా, అదే పెద్ద వరం కావాలి. బంతికి భాష లేదు. బ్రైటన్‌లో కొట్టినా సగినుమాలో కొట్టినా గోల్ గోలే. నటనకి భాష ప్రాణం. అయినా మన దగ్గర వచ్చినమ్మాయికి ఒకరు పెదాలు కదపడం నేర్పుతారు, ఇంకొకరు గొంతిస్తారు. సునీత, చిన్మయి లాంటివాళ్ళు ఎంతమంది హీరోయిన్లకి ప్రాణం పోశారో! ఆ గొంతులు గొప్పవి, అందులో అనుమానం లేదు. కానీ మొహం ఒకరిదీ మాట ఇంకొకరిదీ అయితే తప్ప కథానాయిక తయారవదని ఎవరు నిర్ణయించారు?

మా ఆఫీసులో ఒకామె 'ఆర్ఆర్ఆర్'కి వీరాభిమాని. 2022 అక్టోబర్‌లో ఇక్కడ విడుదలైనప్పట్నుంచీ థియేటర్‌లో ఎన్నిసార్లు చూసిందో. నాది హైదరాబాదని తెలిసిన రోజు ఆమె వంగి నమస్కారం పెడితే నా ఛాతీ ఉప్పొంగింది. జపాన్‌లో ఏ భారతీయ సినిమా అంత వసూలు చెయ్యలేదని నేనూ గొప్పగా చెప్పుకున్నాను. చరణ్, తారక్ మా ఊరివాళ్ళేనన్నాను. అప్పుడామె మామూలుగా అడిగింది, ఆ సినిమాలో అమ్మాయిల్లో మీ ఊరివాళ్ళెవరని. ఆలియా భట్ ముంబై. ఒలీవియా మోరిస్ ఇంగ్లండ్. శ్రియ ఉత్తరాది. మల్లిగా చేసిన చిన్నపిల్ల కూడా మనమ్మాయి కాదు. సినిమా మీద గౌరవం నాకు ఇసుమంతైనా తగ్గలేదు. కానీ ఆమెకి జవాబు చెప్పడానికి నా దగ్గర ఒక్క పేరైనా లేకపోవడం ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

మా నాన్న లైట్‌మ్యాన్. మద్రాసులో వాహినీ ఫ్లోర్ల మీద మొదలై, పరిశ్రమతోపాటే హైదరాబాద్ వచ్చాడు. మేం కృష్ణానగర్‌లో అద్దెకుండేవాళ్ళం. తెల్లారకముందే జూనియర్ ఆర్టిస్టులు రోడ్డు మీద గుంపులుగా నిలబడి, ఏజెంట్ కేకేసిన వాళ్ళు వ్యాన్ ఎక్కేవారు. మిగిలిన వాళ్ళు టీ తాగి ఇంటికెళ్ళేవారు. అక్కణ్ణుంచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాటితే పైన ఫిల్మ్ నగర్, రామానాయుడు స్టూడియో. నడిచివెళ్ళే దూరమే, చాలామంది జీవితమంతా నడిచినా చేరలేదు. నాన్న మద్రాసు కబుర్లు చెప్పేటప్పుడు ఒక మాట తప్పకుండా వచ్చేది. అక్కడ తెలుగూ తమిళమూ ఒకే కాంపౌండ్‌రా, పొద్దున్న కాల్షీట్ ఒక భాష, మధ్యాహ్నం ఇంకో భాష అని. 1955లో విజయావాళ్ళు 'మిస్సమ్మ' తీసినప్పుడు తమిళంలోనూ తీశారు, రెంటిలోనూ సావిత్రే. ఒక భాష వదిలి ఇంకో భాషకి వెళ్ళడమన్న ప్రసక్తే లేదు, గుంటూరు జిల్లా అమ్మాయి కోడంబాక్కంలో దిగితే రెండు భాషలూ ఆమెవే. అక్కినేని వారు 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ కట్టారు, తర్వాత మిగతావాళ్ళూ వచ్చారు. బండరాళ్ళ మీద ఒక ఊరే లేచింది. అదంతా నా కళ్ళ ముందు పెరిగిన ఊరు, దాని మీద నాకు ప్రేమ చావదు. కెమెరాలు తెచ్చుకున్నాం, ల్యాబులు తెచ్చుకున్నాం. అమ్మాయిల్ని వెతికే అలవాటుని మాత్రం అక్కడే వదిలేసి వచ్చాం.

నా మేనకోడలు సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ చదివింది. ఆ డిపార్ట్‌మెంట్ ఉన్న గచ్చిబౌలి వైపుకి ఫిల్మ్ నగర్ నుంచి కారులో ఎంతసేపు? స్పెయిన్‌ని ఓడించిన కుర్రాళ్ళు దొరికింది ఓ పేట పిల్లల క్లబ్బులో. మరి ఆ చదువయ్యేలోపు నాటకం చూడ్డానికైనా ఒక్క సినిమా ఆఫీసు మనిషి రాలేదని మా పిల్ల చెప్పింది. ఆడిషన్లకి తనే తిరిగింది. ఒకచోట ఫోటోలు చూసి, 'బాగా చేస్తావమ్మా, కానీ మనమ్మాయిలా ఉన్నావ్' అన్నారట. తెలుగు కథలో తెలుగు ఆడపిల్ల వేషానికి.

పోయిన వారం ఫోన్ చేసి, 'మావయ్యా, చెన్నైలో ఒక డైరెక్టర్ వర్క్‌షాప్‌కి పిలిచాడు, వెళ్ళనా' అంది. వెళ్ళమన్నాను. అక్క నా మీద విరుచుకుపడింది, ఇంటి పక్కన ఇండస్ట్రీ పెట్టుకుని అరవ దేశం పంపుతావేంరా అని. ఇంటి పక్కదే చూడనంటే ఏం చేద్దామే అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే, వడపళనిలో నాన్నతో పనిచేసినాయన కొడుకు నంబరు నీ దగ్గరుందా అని అడిగింది. అతనితో మాట్లాడాను. తెలుగు ఇంజినీరింగ్ పిల్లలున్న ఓ లేడీస్ హాస్టల్ చూసిపెట్టాడు. మా పిల్ల రోజూ రాత్రి తమిళ అక్షరాలు దిద్దుతోంది.